సందు చెప్పే సంగతి

టైళ్ల మధ్య గీత నల్లబడితే మురికి అంటాం. అదే గీత పగిలితే మేస్త్రీ పని సరిగా చేయలేదంటాం. కబురు పెడితే మేస్త్రీ వచ్చి, చిటికెడు వైట్ సిమెంటు చిప్పలో కలిపి, పగులు మీద వేలితో రాసి, తడిగుడ్డతో తుడిచి వెళతాడు. గీత తెల్లగా మెరుస్తుంది. మళ్లీ వేసవి నాటికి అదే చోట, అదే పొడవున, అదే పగులు. ఈసారి ఒకరు ఎపాక్సీ వేయించమంటారు. ఇంకొకరు అప్పట్లో నీళ్లు సరిగా పట్టలేదంటారు. పక్కింటాయన అసలు ఆ టైళ్లే అంత అని తేల్చేస్తాడు. ఇంత సన్నని గీత మీద ఇన్ని తీర్పులు. ఒక్కోదానిలో కొంత నిజం లేకపోలేదు. ఏ తీర్పు ఏ పగులుకు వర్తిస్తుందన్న దగ్గరే అందరూ తడబడుతున్నారు.

ఇంటి ఖర్చు మొత్తంలో టైళ్ల సందులు నింపే గ్రౌట్‌ది ఓ మూల లెక్క. రెండడుగుల టైళ్లు వేసిన మోస్తరు గదికి రెండు కిలోల పొడి సరిపోతుంది. చవకైనది, బలహీనమైనది, ఎదురుగా కనిపించేది కాబట్టి నింద దాని నెత్తినే పడుతుంది. చాలా ఇళ్లలో ఈ గ్రౌట్‌ను ముద్దాయిల బోనులోంచి దింపి సాక్షుల బోను ఎక్కించాలని నా అభిప్రాయం. అది చెప్పే సాక్ష్యం వినకుండా దాని నోట్లో మళ్లీ సిమెంటు కుక్కడమే మనం చేస్తున్న పొరపాటు.

చెరువు ఎండితే అడుగు మట్టి నెర్రెలు విచ్చుతుంది. పునాది కుంగితే గోడ బీటలు వారుతుంది. మొదటిది తడి ఆరి తనలో తాను ముడుచుకోవడం. రెండోది బయటి నుంచి ఎవరో లాగడం. టైళ్ల మధ్య సందులోనూ ఈ రెండు రకాలే ఉన్నాయి. వాటిని విడదీయడానికి పరికరాలేమీ అక్కర్లేదు, పగులు ఏ దిశలో పోతోందో చూస్తే చాలు.

ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. సిమెంటు గ్రౌట్ ఆరేటప్పుడు మీటరు పొడవుకు 3 మిల్లీమీటర్లకు మించి కుదించుకుపోకూడదని ఐరోపా ప్రమాణం ఈఎన్ 13888 హద్దు పెట్టింది. మన సందు వెడల్పు 3 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ వెడల్పులో కుదింపు మిల్లీమీటరులో వందో వంతు కూడా రాదు. అది కంటికి ఆనదు. అదే సందు పొడవు చూడండి. రెండడుగుల టైలు పక్కన 60 సెంటీమీటర్ల గీత ఉంటుంది. అందులో కుదింపు 1.8 మిల్లీమీటర్ల దాకా రావచ్చు. ఇరువైపులా టైళ్ల అంచులు గట్టిగా పట్టుకుని ఉంటాయి గనుక గ్రౌట్ స్వేచ్ఛగా ముడుచుకోలేదు. అక్కడక్కడ అడ్డంగా తెగి సర్దుకుంటుంది. కాబట్టి సందుకు అడ్డంగా, నిచ్చెన మెట్లలా వచ్చిన సన్నని నెర్రెలు గ్రౌట్ సొంత తప్పు. సందు పొడవునా టైలు అంచును ఆనుకుని, వెంట్రుక కన్నా లావుగా పరుగెత్తే పగులును గ్రౌట్ కుదింపుతో లెక్క కట్టలేం. అక్కడ రెండు టైళ్లు ఒకదానికొకటి దూరం జరిగాయి, లేకపోతే ఒక టైలు అడుగు పడినప్పుడల్లా ఊగుతోంది.

ఈ సూత్రానికి ఒక మినహాయింపు ఉంది. నీళ్లెక్కువైన గ్రౌట్‌ను వెడల్పు సందులో పోస్తే అది గట్టిపడేలోపే కుంగి ఒక అంచును వదిలేస్తుంది. టైలు అంచున కటింగ్ దుమ్ము ఉన్నా అంతే, పట్టు దొరకదు. అయితే ఇవి వారం పది రోజుల్లోనే బయటపడతాయి. ఆరు నెలలు బాగుండి ఆ తర్వాత అంచు వెంట విడిపోయిందంటే అనుమానం కిందికి మళ్లాలి.

గ్రౌట్ తప్పు చేసిన చోట

ముందు తేలికైన కేసు. సిమెంటు కట్టుకోవడానికి రసాయనికంగా కావలసిన నీరు దాని బరువులో దాదాపు పావు వంతే. పని జారుగా సాగాలని మనం పోసే అదనపు నీరు తర్వాత ఆవిరైపోయి, తానున్న చోటల్లా ఖాళీ వదిలి వెళుతుంది. ఆ ఖాళీలే సూదిబెజ్జాలు, ఆ ఖాళీల వల్లే నెర్రెలు, తాళం చెవితో గీస్తే రాలే పొడి. మన దగ్గర మేస్త్రీలు ఎక్కువమంది ఇప్పటికీ వైట్ సిమెంటులో రంగుపొడి కలిపి సందులు నింపుతారు. అందులో ఇసుక ఉండదు, పట్టు పెంచే పాలిమర్ ఉండదు. రంగు టైలుకు కలిసేదాకా పొడి పోస్తూనే ఉంటారు గనుక సిమెంటు పాలు ఇంకా తగ్గుతుంది. 2 మిల్లీమీటర్ల సందులో అది ఎలాగో నెట్టుకొస్తుంది. 3 దాటితే సన్నని ఇసుక కలిసిన గ్రౌటే వాడాలి. ఇసుక రేణువు ముడుచుకోదు, సిమెంటును ముడుచుకోనివ్వదు.

ఇంకో రెండు అలవాట్లు గ్రౌట్ ప్రాణం తీస్తాయి. కలిపిన ముద్ద చిప్పలో బిగుసుకుంటుంటే మళ్లీ నీళ్లు చిలకరించి మెత్తబరచడం ఒకటి. అప్పటికే కట్టుకోవడం మొదలైన సిమెంటును మనమే విరగ్గొట్టినట్టవుతుంది. నీళ్లు కారే స్పాంజితో టైలు మీద మరకలు కడగడం రెండోది. పైపొరలోని సిమెంటూ రంగూ ఆ నీళ్లతోపాటే బకెట్లోకి పోతాయి. ఒకే గదిలో గీతలు ఒకచోట ముదురుగా, ఒకచోట పాలిపోయి ఉండడానికి సాధారణంగా కారణం ఇదే. ఇక మే నెలలో, ఫ్యాను కింద, కిటికీలు బార్లా తెరిచి చేసిన పని గురించి చెప్పేదేముంది. సిమెంటుకు ఆరడం వేరు, కట్టుకోవడం వేరు. తడి ముందే పోతే రెండోది సగంలో ఆగిపోతుంది.

వీటన్నిటికీ మందు ఒకటే: గీకి మళ్లీ నింపడం. ఎలాగో తర్వాత చెబుతాను. ఈ వ్యాసానికి అసలు కారణం రెండో రకం.

ఇల్లు కదిలితే

కాంక్రీటు స్లాబు మనకు రాయిలా కనిపిస్తుంది గానీ అది పోసిన రోజు నుంచి ఏళ్ల తరబడి ముడుచుకుంటూనే ఉంటుంది. ప్రత్యేక పరీక్షలు చేయనప్పుడు ఈ కుదింపును 0.0003గా లెక్కలోకి తీసుకోవచ్చని కాంక్రీటు కట్టడాలకు మన జాతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. అంటే 6 మీటర్ల హాలులో దాదాపు 1.8 మిల్లీమీటర్లు. ఇందులో ఎక్కువ భాగం మొదటి నెలల్లోనే జరుగుతుంది. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని స్లాబు ఆరకుండానే టైళ్లు పరిస్తే ఆ కుదింపంతా టైళ్ల కింద జరుగుతుంది. టైలు ముడుచుకోదు, కింది నేల ముడుచుకుంటుంది. మధ్యలో నలిగేది సందు.

స్లాబు కిందికి వంగడం ఇంకో కథ. గోడలు, ఫ్లోరింగు అయ్యాక స్లాబు వంగే లోతు దాని పొడవులో 350వ వంతునో 20 మిల్లీమీటర్లనో, ఏది తక్కువైతే దాన్ని మించకూడదని అదే ప్రమాణం నియమం. 5 మీటర్ల స్లాబుకు అది 14 మిల్లీమీటర్లు. స్లాబుకు ఇది ప్రమాదం కాదు, ఇంజనీరు రూల్సు ప్రకారమే కట్టాడు. అయినా దాని మీద బిగించిన టైలుకు 14 మిల్లీమీటర్లు తక్కువేమీ కాదు. మధ్యలో వంగిన స్లాబు దూలం మీదికొచ్చేసరికి వీపు విరుచుకుంటుంది. అక్కడ దాని పైభాగం సాగుతుంది. అందుకే హాలు మధ్య నుంచి ఒకే తిన్నని గీతగా సందులు విడిపోయాయంటే కింది అంతస్తుకు వెళ్లి తలెత్తి చూడండి. చాలాసార్లు సరిగ్గా ఆ గీత కింద దూలం ఉంటుంది. బాల్కనీ మొదట్లో, గోడకు సమాంతరంగా వచ్చే పగులుదీ ఇదే పుట్టుక. బాల్కనీ గోడను పట్టుకుని గాల్లోకి చాచిన చెయ్యి. చెయ్యి బరువుకు వాలితే సాగేది భుజం దగ్గరే.

ఎండ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. విట్రిఫైడ్ టైలు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో సుమారు 7 వంతులు సాగుతుంది. డాబా మీద 10 మీటర్ల వరస ఉందనుకోండి. పుష్యమాసపు తెల్లవారుజామున 15 డిగ్రీలున్న టైలు రోహిణి కార్తె మధ్యాహ్నానికి 60కి చేరిందంటే వరస మొత్తం 3 మిల్లీమీటర్లు పెరిగిందన్నమాట. పిట్టగోడ జరగదు. ఆ 3 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి?

నేల మీద కట్టిన ఇళ్లకు స్లాబు బాధ లేదు గానీ మట్టి బాధ ఉంది. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు వైపు నల్లరేగడిలో కాపురం ఉన్నవాళ్లకు ఈ భాగం వివరించి చెప్పక్కర్లేదు. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, ఏటా రెండుసార్లు ఊపిరి తీసినట్టు కదిలే నేల అది. గోడల పునాదులు లోతుకు పోతాయి కాబట్టి నిలుస్తాయి. గదుల్లో పరిచిన గచ్చు మాత్రం పైమట్టి మీదే తేలుతూ ఉంటుంది. రేగడి కాని చోట కూడా బేస్‌మెంటులో నింపిన మట్టిని అడుగడుగుకూ నీళ్లు పోసి దిమ్మిసతో కొట్టకపోతే రెండు వానాకాలాల్లో అది దిగుతుంది. గుర్తు పట్టడం సులువు. స్కర్టింగ్ కింద, గోడ చుట్టూ సందు తెరుచుకుని, గది మధ్య పళ్లెంలా గుంటపడితే నింపిన మట్టి కుంగింది. మధ్య ఉబ్బి తలుపు నేలకు ఒరుసుకుంటుంటే రేగడి లేచింది. ఒక మూల మాత్రమే దిగితే ఆ మూలన ఏదో పైపు పగిలి మట్టిని కడుగుతోందేమో చూడాలి.

అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు ఇదే గోడు వినిపిస్తుంటారు. ఆశ్చర్యం లేదు. టెక్సాస్ బ్లాక్‌లాండ్ ప్రెయిరీ నల్లమట్టి, మన రేగడి ఒకే జాతి. రెండింటినీ మృత్తికా శాస్త్రంలో వర్టిసాల్ అనే పిలుస్తారు. సముద్రాలు దాటి వెళ్లినా కాళ్ల కింద అదే మట్టి.

అతుకు, అతుకులేనితనం

స్లాబు, ఎండ, మట్టి ఎంత కదిలినా టైలు కిందిదాన్ని గట్టిగా పట్టుకుని ఉంటే కొంతవరకు కాచుకుంటుంది. అక్కడే ఇప్పటి టైళ్లతో పాత పద్ధతికి చుక్కెదురైంది.

తాండూరు, షాబాదు, బేతంచర్ల బండలు పరిచిన కాలంలో ఇసుక, సిమెంటు మాలు మీద సిమెంటు పాలు పోసి బండను దిగేయడమే పని. బండ కింది ముఖం గరుకు, బరువు ఎక్కువ. మాలులోకి కూర్చుంటే కదిలేది కాదు. తర్వాత వచ్చిన ఎర్రమట్టి సిరామిక్ టైళ్లు నీరు పీల్చేవి, గోడ టైళ్లయితే తమ బరువులో పది శాతానికి పైగా. పీల్చిన నీటితో సిమెంటు రసం టైలు రంధ్రాల్లోకి వెళ్లి అక్కడ గట్టిపడి వేళ్లూనుకునేది. ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలకెత్తి వస్తున్న విట్రిఫైడ్ టైలు నీరు పీల్చేది అర శాతం లోపే. దాదాపు గాజు. వేరూనడానికి రంధ్రమే లేదు. అయినా మనం అదే మాలు వేసి, అవే సిమెంటు పాలు పోసి, అదే రబ్బరు సుత్తితో కొడుతున్నాం. కొందరు మేస్త్రీలు విట్రిఫైడ్ టైలును కూడా నీళ్ల తొట్టెలో నానబెడతారు. నీరు పీల్చని వస్తువును నానబెట్టి లాభం ఏమిటని అడిగితే, మొదటి నుంచీ ఇలాగే చేస్తున్నామని జవాబు.

ఇలాంటి టైళ్లకు పాలిమర్ కలిసిన అడ్హెసివ్ కావాలి. దానికి ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. అడ్హెసివ్ కొన్నంత మాత్రాన పని అయిపోదు. టైలు వెనక నాలుగు మూలలా, నడుమా ఐదు ముద్దలు పెట్టి నొక్కే అలవాటు అలాగే ఉంటే ఖరీదైన అడ్హెసివ్ కూడా ఐదు చోట్లే పట్టుకుంటుంది. మిగతా అంతా డొల్ల. పళ్ల తాపీతో చారలు లాగి, టైలును చారలకు అడ్డంగా జరిపి నొక్కితే లోపల గాలి మిగలదు. పొడిగా ఉండే గదుల్లో టైలు వెనక కనీసం 80 శాతం, తడి తగిలే చోట, ఆరుబయట 95 శాతం అడ్హెసివ్ అంటాలన్నది అమెరికా ప్రమాణం. మేస్త్రీ మూడో టైలు వేయగానే దాన్ని పైకి ఎత్తించి వెనక్కు చూడండి. అతను విసుక్కుంటాడు. పర్వాలేదు.

డొల్ల ఉందో లేదో ఉన్న ఇంట్లో తెలుసుకోవడానికి రూపాయి బిళ్ల చాలు. టైలు మీద కొడుతూ పోతే గట్టి చోట టక్కుమంటుంది, డొల్ల చోట కుండ మీద కొట్టినట్టు మోగుతుంది. ఒకే టైలు చుట్టూ నాలుగు వైపులా గ్రౌట్ పగిలి, ఆ టైలు మోగితే వేరే సాక్ష్యం అవసరం లేదు. దాని చుట్టూ ఎన్నిసార్లు గ్రౌట్ నింపినా కాలు పడినప్పుడల్లా టైలే దాన్ని రోకలిలా దంచేస్తుంది.

ఇప్పుడు ఇంటివాళ్ల వాటా గురించి. సందు కనిపించకూడదు, నేలంతా ఒక్క రాయిలా ఉండాలి అన్న కోరిక మనలో ఎలా పాకిందో గానీ, మేస్త్రీ స్పేసర్లు పెడతానన్నా వద్దనే ఇళ్లు నేను చూశాను. టైలును టైలుకు ఆనించి పరిస్తే మొదటి ఏడాది అద్దంలా ఉంటుంది. తర్వాత కాంక్రీటు ముడుచుకుని, టైలు ఎండకు సాగి, రెండూ ఒకేసారి నొక్కితే ఆ బలం పోవడానికి దారి ఉండదు. నడుమ ఎక్కడ అతుకు బలహీనంగా ఉందో అక్కడ రెండు వరసలు గుడారం కప్పులా పైకి లేస్తాయి. ఒక్కోసారి పెద్ద చప్పుడుతో, అర్ధరాత్రి. ఆ చప్పుడుకు భూకంపమని వీధిలోకి పరుగెత్తినవాళ్లున్నారు, ఇంటికి శాంతి చేయించినవాళ్లూ ఉన్నారు. శాంతి కన్నా 2 మిల్లీమీటర్ల సందు చవక. 3 అయితే మరీ మంచిది.

సందు ఒక్కటే చాలదు, మధ్యమధ్య కదలడానికి వీలిచ్చే మెత్తని జాయింట్లు కూడా ఉండాలి. ఇంటి లోపల 25 అడుగులకొకటి, ఎండ పడే చోట, ఆరుబయట 8 నుంచి 12 అడుగులకొకటి అని టైల్ కౌన్సిల్ ఆఫ్ నార్త్ అమెరికా చెబుతుంది. మామూలు ఇళ్లలో దీన్ని పాటించడానికి పెద్ద తిప్పలు లేవు. గది నాలుగు వైపులా గోడకు టైలు ఆనకుండా ఓ 6 మిల్లీమీటర్లు వదిలేస్తే స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది, ఎవరికీ కనిపించదు. మన మేస్త్రీలు సరిగ్గా ఆ ఖాళీలోనే మిగిలిన మాలు కూరుతారు. పని శుభ్రంగా కనిపించాలని.

ఆసిడ్, నీరు, మూలలు

మన బాత్‌రూముల్లో గ్రౌట్‌కు ఇంకో శత్రువు ఉంది. వారానికోసారి పోసే ఆసిడ్. కిరాణా కొట్లో పసుపు రంగు సీసాలో దొరికే ఆ ద్రవం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఉప్పునీటి తెలుపు మరకలను ఏ గుణంతో కరిగిస్తుందో అదే గుణంతో సిమెంటులోని సున్నపు భాగాన్నీ కరిగిస్తుంది. మరక, గ్రౌట్ రెండూ దానికి ఒకటే. బోరు నీళ్ల ఊళ్లలో టైళ్లు మెరుస్తూ, సందులు మాత్రం కాలువల్లా గుంటలుపడి ఉంటాయి చూడండి. అది పగులు కాదు, అరుగుదల. గ్రౌట్ మార్చినా ఆసిడ్ మానకపోతే రెండేళ్లకు మళ్లీ మొదటికే. సబ్బు నీళ్లు, గట్టి బ్రష్షు చాలవన్నప్పుడు ఆమ్లం లేని టైల్ క్లీనర్ తెచ్చుకోండి.

బాత్‌రూము కింద పైకప్పు చెమ్మగిల్లితే మొదట గుర్తుకొచ్చే మాట గ్రౌటింగ్. మళ్లీ చేయించారు, నెల ఆగింది, మళ్లీ కారింది. ఇందులో వింత లేదు. సిమెంటు గ్రౌట్ నీటిని ఆపే పొర కాదు, కొంత నీటిని ఎప్పుడూ లోపలికి పంపిస్తూనే ఉంటుంది. నీటిని ఆపాల్సింది టైళ్ల అడుగున ఉండే వాటర్‌ఫ్రూఫింగ్. అది దెబ్బతింటే, నహానీ ట్రాప్ చుట్టూ వదులైతే, లేదా దించిన స్లాబులో నింపిన ఇటుక ముక్కల్లో నీరు నిలిచి ఉంటే పైన ఎపాక్సీ పోసినా అది వాయిదా మాత్రమే. ఈ విషయంలో ఒక్క గ్రౌట్‌తో లీకేజీ ఆపేస్తామని హామీ ఇచ్చేవాళ్లను నేను నమ్మను.

గోడ నేలను కలిసే మూల, గోడ గోడను కలిసే మూల, వంటగట్టు గ్రానైటు గోడ టైలును తాకే గీత. ఈ మూడు చోట్లా గట్టి గ్రౌట్ నిలవదు. రెండు వేర్వేరు వస్తువులు, రెండు వేర్వేరు దిక్కులు, రెండు వేర్వేరు కదలికలు. మా వంటగట్టు వెనక గీతను నేనే మూడుసార్లు వైట్ సిమెంటుతో నింపాను, మూడుసార్లూ పొయ్యి వేడికి విడిపోయింది. నాలుగోసారి సిలికాన్ వేశాను, నేటికీ ఉంది. మూలలకు సిలికానే సరైనది. కొనేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం మార్బుల్ దగ్గర వాడకండి, ఆ ఆమ్లం రాయిని మచ్చపరుస్తుంది. న్యూట్రల్ రకం అడగండి. లోతైన సందులో ముందు నురగ తాడు దూర్చి దాని మీద సిలికాన్ లాగాలి. సిలికాన్ రెండు గోడలకే అంటుకోవాలి, అడుక్కి కూడా అంటితే సాగడానికి వీలులేక చిరిగిపోతుంది.

బాగు చేయడం

పగులు మీద పూత పనికిరాదు. పాత గ్రౌట్ మీద పలచగా రాసిన కొత్త గ్రౌట్‌కు పట్టుకోవడానికి లోతు ఉండదు, పొరలా ఊడుతుంది. టైలు మందంలో కనీసం మూడింట రెండు వంతుల లోతు పాతదాన్ని గీకి తీయాలి. చేతి రంపం లాంటి గ్రౌట్ రేకు ఉంటుంది, కొద్ది చోట్లకు అది చాలు. ఎక్కువ పనైతే అటూ ఇటూ కంపించే మల్టీటూల్ అద్దెకు తెచ్చుకోవచ్చు. మేస్త్రీ కటింగ్ మెషిన్ తీస్తే మాత్రం ఆపండి. 2 మిల్లీమీటర్ల సందులో తిరిగే చక్రం ఒక్క వెంట్రుకవాసి తప్పినా టైలు అంచు పెచ్చు లేస్తుంది. ఆ గాయం మాన్పడం ఎవరి వల్లా కాదు.

దుమ్ము ఊదకండి, వాక్యూమ్‌తో పీల్చండి. సిమెంటు గ్రౌట్ అయితే అంచులను తడిగుడ్డతో తుడవండి, నీరు నిలవకూడదు. సంచి మీద రాసిన నీటిని కొలిచి పోయండి. చెంచాతో కొలిస్తే నామోషీ ఏమీ లేదు, మందులకు కొలుస్తాం కదా. కలిపి ఐదు పది నిమిషాలు వదిలి మళ్లీ ఒకసారి కలపాలి. రబ్బరు తాపీతో సందుకు వాలుగా నొక్కుతూ అడుగుదాకా దిగేలా నింపండి. కాస్త బిగుసుకున్నాక పిండిన స్పాంజితో తుడవండి. ఆ రోజు ఫ్యాను వద్దు. ఒక రోజు ఎవరూ నడవకుండా, రెండు మూడు రోజులు ఆరిపోకుండా తేలికగా తడి తగలనిస్తే చాలు.

ఎపాక్సీ ఇప్పుడు అందరి నోటా ఉన్న మాట. అది మంచి సరుకే. రెసిన్, హార్డెనర్, పొడి కలిసిన ఆ ముద్దకు రసాయనాలు అంటవు, పసుపు మరక పట్టదు, నీరు దాదాపు దిగదు. వంటింటి నేలకు, బాత్‌రూముకు పెట్టిన డబ్బు వృథా పోదు. అయితే కలిపిన తర్వాత దాదాపు గంటలోపే వాడేయాలి, మన ఎండల్లో ఇంకా ముందే. టైలు మీద పలచని పొర మిగిలితే మర్నాడు గీకి తీయడం నరకం. ఎండ తగిలితే పసుపెక్కుతుంది. ఈ ఇబ్బందుల కన్నా ముఖ్యమైనది ఇంకొకటి. సిమెంటు గ్రౌట్ బలం చదరపు మిల్లీమీటరుకు కనీసం 15 న్యూటన్లుండాలని ఆ ఐరోపా ప్రమాణం అంటే, ఎపాక్సీకి 45 అంటుంది. కదిలే నేలలో ఇంత గట్టిదాన్ని నింపితే కదలిక ఆగదు. ఈసారి గ్రౌట్ బదులు టైలు పగులుతుంది. పొడవునా విడిపోయే పగులుకు ఎపాక్సీ రాసిచ్చేవాడు రోగం అడక్కుండా ఇంజెక్షన్ పొడిచే డాక్టరు లాంటివాడు.

అలాంటి పగులుకు వేరే దారులున్నాయి. దూలం మీది తిన్నని గీత అయితే ఆ ఒక్క వరసలో గ్రౌట్ తీసేసి అదే రంగు సిలికాన్ నింపండి, ఇల్లు కదిలినా గీత సాగుతుంది. డొల్ల టైలు ఒకటో రెండో అయితే ఎత్తి, కింది మాలు గీకి, అడ్హెసివ్‌తో తిరిగి పరచడమే శాశ్వతం. సందులోంచి సన్నని బెజ్జం వేసి జిగురు పంపే పద్ధతి కూడా ఉంది గానీ, అడుగున దుమ్ము ఉంటే జిగురు దుమ్మునే పట్టుకుంటుంది. సగానికి సగం గదులు మోగుతుంటే, టైళ్లు లేవడం మొదలైతే ఇక గ్రౌట్ మాట మానేయండి. మట్టి కుంగిన చోట కూడా అంతే. ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. ఒక వాన, ఒక ఎండ గడిచాక పగులు ఇంకా పెరుగుతోందేమో పెన్సిల్ గీత పెట్టి చూడాలి. అది ఆగాకే నేల ముట్టుకోవాలి. పెరుగుతున్న పగుళ్లు గోడలెక్కితే టైలు మేస్త్రీని వదిలి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

అడ్డంగా వచ్చిన నాలుగు నెర్రెలు పడకగదిలో ఉంటే, చీమలు రాకుండా ఉంటే, వాటిని ఏమీ చేయకపోవడం కూడా ఒక వైద్యమే. పాత ఇంటికి ఆ మాత్రం ముడతలు సహజం.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక మాట. పని అయ్యాక మిగిలిన టైళ్లను షాపుకు తిరిగి ఇచ్చేయకండి. ఒక్కో రకానికి ఒక్కో పెట్టె, మీద ముద్రించిన బ్యాచ్ నంబరు, షేడు కనిపించేలా అటక మీద దాచండి. పదేళ్లకు ఒక్క టైలు ఎత్తాల్సి వస్తే ఆ షేడు ఏ షాపులోనూ దొరకదు.